మిల్లీమీటర్ల జీవులపై పీహెచ్‌డీ: ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరం. తీరప్రాంత సముద్రంలో ఉండే రొయ్యలు, పీతల వర్గానికి చెందిన అతి చిన్న జీవులను వర్గీకరించడంలోనే పీహెచ్‌డీ చేస్తానంటోంది. కొత్త జాతిని కనిపెట్టాలని దాని ఆశ. ఆ చదువుతో బతకగలదా?
– ఒక తండ్రి

జవాబు: మీ టెన్షన్ సహజమే. వర్గీకరణ నిపుణులు అనే హోదాతో ఉద్యోగాలు ఎక్కడైనా తక్కువే. మ్యూజియంలోనో విశ్వవిద్యాలయంలోనో ఒకరు రిటైరైతే గానీ ఇంకొకరికి చోటు దొరకదు. ఆ ఒక్క కుర్చీనే నమ్ముకుంటే మాత్రం నేనూ వద్దనే అంటాను.

అయితే ఈ జీవులను గుర్తుపట్టగలిగేవాళ్లకు వేరే పేర్లతో పని ఉంది. ఓడరేవు కట్టాలన్నా, సముద్రంలో పైప్‌లైన్ వేయాలన్నా ముందుగా సముద్రం అడుగున ఉన్న బురద తీసి, అర మిల్లీమీటరో ఒక మిల్లీమీటరో కన్నాలున్న జల్లెడలో కడిగి, మిగిలిన జీవులను పేరుపేరునా లెక్కగట్టే సర్వేలుంటాయి. 1978లో ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో అమోకో కాడిజ్ అనే చమురు ఓడ నుంచి చమురు ఒలికినప్పుడు, మోర్లే అఖాతంలో ఆంపెలిస్కా అనే ఆంఫిపాడ్‌లు (రొయ్యల వర్గానికే చెందిన చిన్న జీవులు) దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. కోలుకోవడానికి పదేళ్లకు పైగా పట్టింది. అంతకుముందే అక్కడ లెక్కలు రాసిపెట్టుకున్నవాళ్లు ఉండబట్టే నష్టమెంతో తేలింది. ఇవి కాక ఓడలు నిలకడ కోసం నింపుకునే బలాస్ట్ నీటితో వచ్చే పరాయి జాతులపై నిఘా, చేపపిల్లలకు మేతగా కోపిపాడ్‌లనే ఆ వర్గపు సూక్ష్మ జీవులను పెంచే హేచరీలు కూడా ఉన్నాయి.

ఇక కొత్త జాతి సంగతి. సముద్రంలో దిగగానే దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువ భాగం అల్మారాల్లోని సీసాల్లోనే బయటపడతాయి. నమూనా సేకరించాక దానికి పేరు పడేందుకు సగటున 21 ఏళ్లు పడుతోందని 2012లో ఒక అధ్యయనం తేల్చింది. ఐదు మిల్లీమీటర్ల ఆంఫిపాడ్‌ను గ్లిజరిన్ చుక్కలో పెట్టి, సన్నటి సూదులతో నోటి భాగాలు, కాళ్లు ఒక్కొక్కటిగా విడదీసి, స్లైడ్ మీద పరిచి, ప్రతి ముల్లునూ బొమ్మ గీయాలి. అయినా బోల్తా పడొచ్చు. ఐసోపాడ్‌లు ఆ వర్గంలోనే మరో గుంపు. వాటిలో గ్నాతియిడ్ కుటుంబంలో పెద్ద దవడల మగవాటికీ, చేపల రక్తం పీల్చే పిల్లలకూ పోలికే ఉండదు; ఒకప్పుడు వాటిని వేర్వేరు ప్రజాతులనుకున్నారు. ఈ కుటుంబంలోనే ఒకదానికి 2012లో గాయకుడు బాబ్ మార్లే పేరు మీద గ్నాతియా మార్లేయి అని పెట్టారు. వార్తలకెక్కేది ఆ పేరే, దాని వెనక ఉన్న సూదిపని కాదు.

అందుకే సీటు కోసం తిరిగే ముందు, కాలేజీ ల్యాబ్‌లో జల్లెడ పట్టిన ఒక నమూనాను మొత్తం వేరుచేయమనండి. మెడ నొప్పి పుట్టినా విసుగు రాకపోతే ఆ ఆసక్తి నిజమైనదే. తర్వాత ఏదో ఒక గుంపునే పట్టుకోవాలి: ఆంఫిపాడ్‌లు కానీ, ఐసోపాడ్‌లు కానీ, కోపిపాడ్‌లు కానీ. దానికి తోడు స్టాటిస్టిక్స్, డీఎన్‌ఏ బార్‌కోడింగ్ (చిన్న డీఎన్‌ఏ ముక్కతో జాతిని గుర్తుపట్టే పద్ధతి) తప్పనిసరి. ఫార్మలిన్‌లో ఉంచిన నమూనాలో డీఎన్‌ఏ పాడవుతుంది కాబట్టి కొన్నిటిని 95 శాతం ఆల్కహాల్‌లో విడిగా దాచడం లాంటి అలవాట్లు మొదటి రోజు నుంచే రావాలి. సర్వే సంస్థలు జీతమిచ్చేది ఈ కలగలుపు నైపుణ్యానికే.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు పేరుప్రతిష్ఠల కన్నా రెండు విషయాలు చూడండి: పోల్చి చూసుకోవడానికి పాత నమూనాల సేకరణ ఆయనకు అందుబాటులో ఉందా, ఆయన దగ్గర పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు. రెండోది గైడ్‌ను కాదు, ఆ పాత విద్యార్థులకే ఫోన్ చేసి మీ అమ్మాయినే అడగమనండి.