సోలార్ ట్రాకర్ గాలికి మెలిక పడితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: కర్నూలు జిల్లాలో మా పొలం దగ్గరే ఇరవై గేదెలతో పాడి నడుపుకుంటున్నాను. పాలు చల్లబరిచే యంత్రానికీ బోరు మోటారుకూ పనికొస్తుందని 14 లక్షలు పెట్టి, ఎండను బట్టి తూర్పు నుంచి పడమరకు తిరిగే ట్రాకర్ మీద 20 కిలోవాట్ల సోలార్ పలకలు నాలుగు వరుసలుగా బిగించుకున్నాను. ఏడాదిన్నర తిరక్కముందే మొదటి వరుస పడమర వైపు తిరిగి అక్కడే ఆగిపోయింది. గత మే నెల గాలివానకు నాలుగో వరుస ఇరుసు మెలిక పడి ఆరు పలకలు పగిలాయి. గాలి దైవాధీనమని, పైగా బయటి మెకానిక్‌తో గ్రీజు పెట్టించినందున వారంటీ చెల్లదని కంపెనీవారు అంటున్నారు. వివాదాలు బెంగళూరులో ఆర్బిట్రేటర్ (కోర్టు బయట తీర్పు చెప్పే వ్యక్తి) ఎదుటే తేల్చుకోవాలని ఒప్పందంలో ఉంది. నాకు దారేమిటి?

జవాబు: మీరు రెండు నష్టాలనూ ఒకే ఫిర్యాదుగా కంపెనీకి రాశారు. కంపెనీ కూడా రెండింటికీ కలిపి ఒకే జవాబు ఇచ్చి తప్పుకోజూస్తోంది. ఆగిపోయిన వరుసా, మెలిక పడిన వరుసా చట్టం దృష్టిలో వేర్వేరు సంగతులు. ట్రాకర్ ఎందుకు చెడిందన్న ప్రశ్నకు జవాబు ఎవరి చేతిలో ఉంటే కేసు వారి వైపు మొగ్గుతుంది కాబట్టి, ముందు ఆ కారణాల సంగతే చూద్దాం.

ఆగిపోయిన మొదటి వరుసలో సాధారణంగా అనుమానించవలసినవి మోటారు, గేర్ పెట్టె, బేరింగులు, హద్దు చేరగానే కదలికను ఆపే లిమిట్ స్విచ్, ట్రాకర్‌ను నడిపే కంట్రోలర్, దాని బ్యాటరీ. దుమ్ము సీలు దాటి గేర్ పెట్టెలోకి చేరితే గ్రీజు ఇసుక కలిసిన ముద్దలా మారి పళ్లను అరగదీస్తుంది. పిడుగు పడినప్పుడు వచ్చే అధిక వోల్టేజీకి కంట్రోలర్ బోర్డు కాలిపోతుంది. రోజూ వంగే చోట తీగలు తెగుతాయి. మీరు పంపిన వారంటీ పత్రం ప్రకారం మోటారుకూ గేర్ పెట్టెకూ ఐదేళ్లు, కంట్రోలర్‌కు రెండేళ్లు హామీ ఉంది కనుక, వీటిలో ఏది చెడినా మీ కేసు వారంటీ గడువులోనే ఉంది. మెకానిక్ గ్రీజు పెట్టింది రెండో వరుసకు మాత్రమేనని మీరే రాశారు. మొదటి, నాలుగో వరుసలను అతను ముట్టుకోనప్పుడు, అతని పనికీ ఈ చెడిపోవడానికీ సంబంధం ఉందని రుజువు చేయవలసింది కంపెనీయే. అతని రసీదు, వీలైతే అతని అఫిడవిట్ దగ్గర పెట్టుకోండి.

అసలు పోరాటం నాలుగో వరుస మీదే జరుగుతుంది. దైవాధీనం అనే వాదన నెగ్గాలంటే, ఆ గాలి ముందుగా ఊహించలేనిదీ తగిన జాగ్రత్తతో తప్పించుకోలేనిదీ అయి ఉండాలి. మే నెలలో కర్నూలు ప్రాంతంలో గాలివాన రావడం ఎవరూ ఊహించలేని విషయం కాదు. కట్టడాల మీద గాలి భారాన్ని లెక్కించే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం కర్నూలుకు సెకనుకు 39 మీటర్ల మూల గాలి వేగాన్ని, అంటే డిజైన్ లెక్కకు ఆధారంగా తీసుకోవలసిన వేగాన్ని, చూపుతుంది. అది గంటకు సుమారు 140 కిలోమీటర్లు. మీ ట్రాకర్‌ను ఎంత గాలికి రూపొందించారో కంపెనీ డిజైన్ పత్రం అడగండి. ఆ రోజు గాలి వేగం ఎంతో దగ్గరలోని వాతావరణ కేంద్రం రికార్డు కోరుతూ దరఖాస్తు పెట్టండి. ఒకే గాలికి మూడు వరుసలు నిలబడి నాలుగోది మాత్రమే మెలిక పడిందన్నది మీకు అనుకూలించే అంశం. చివరి వరుసకు గాలి దెబ్బ ఎక్కువ తగులుతుందని వారు అనవచ్చు, అది నిజమే, కానీ ఆ లెక్క వేసుకోవలసింది డిజైన్ చేసినవారే. పలకలు బల్లపరుపుగా ఉన్నప్పుడు సన్నని ఇరుసు గాలికి ఊగుతూ ఊగుతూ మెలితిరిగిపోవడం ఈ రంగంలో అందరికీ తెలిసిన డిజైన్ సమస్యే.

ఇక మీరు పంపిన ఫొటోల్లో ఒకటి నన్ను ఆపింది. గాలి వేగం కొలిచే గిన్నెల సాధనం ఇరుసుకు కందిరీగలు మట్టిగూడు కట్టి ఉన్నాయి. గిన్నెలు తిరగకపోతే గాలి వచ్చిందన్న సంగతే కంట్రోలర్‌కు తెలియదు, పలకలను భద్రమైన కోణానికి తిప్పమన్న ఆజ్ఞ వెళ్లదు. ఈ ఫొటో మీకు ఎంత మేలు చేయగలదో అంత కీడూ చేయగలదు. శుభ్రం చేయవలసింది మీరేనని వారు అనవచ్చు. మీ ఒప్పందంలో మాత్రం ఏడాదికి రెండుసార్లు వచ్చి సెన్సర్లు తనిఖీ చేసే పని కంపెనీదే, రెండో తనిఖీకి వారు రానేలేదు. అది స్పష్టమైన సేవాలోపం. ఆజ్ఞ వెళ్లిందా లేదా అన్నది కంట్రోలర్ లాగ్, అంటే అది తనలో నమోదు చేసుకునే చిట్టా, చెబుతుంది. వెళ్లినా నాలుగో వరుస కదలలేదంటే లోపం ఆ వరుస మోటారుదో బ్యాటరీదో అవుతుంది. కాబట్టి మరమ్మతు పేరుతో ఎవరైనా వచ్చి కంట్రోలర్ రీసెట్ చేయకముందే లాగ్ ప్రతి తీయించి, భారతీయ సాక్ష్య అధినియం 2023లోని 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రంతో సహా భద్రపరచండి.

కేసు ఎక్కడ వేయాలన్నదానికి వస్తే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద మీరు నివసించే చోటే, అంటే కర్నూలు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. ఆర్బిట్రేషన్ షరతు దీనికి అడ్డం కాదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. చెల్లించిన సొమ్ము 50 లక్షలకు మించనందున మీ ఫిర్యాదు జిల్లా కమిషన్ పరిధిలోనిదే, రుసుము 400 రూపాయలు. పాడి వ్యాపారం కనుక మీరు వినియోగదారుడు కారని వారు తప్పక అంటారు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొన్నవారిని చట్టం వాణిజ్య ప్రయోజనం నుంచి మినహాయించింది. ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ మినహాయింపు పోదని లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీ కుటుంబమే పని చేసుకుంటోందన్న సంగతి ఫిర్యాదు మొదటి పేరాల్లోనే రాయండి. ఒకవేళ ఈ అంశంలో ఓడిపోతే మిగిలేది వాణిజ్య కోర్టు దారి. ఆర్బిట్రేషన్ షరతు అక్కడ మీకు అడ్డు వస్తుంది, పైగా అత్యవసర ఉపశమనం కోరని దావాకు ముందు మధ్యవర్తిత్వం (మీడియేషన్) తప్పనిసరి.

కొందరు అదే వినియోగదారుల చట్టంలోని ఉత్పత్తి బాధ్యత (లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి పరిహారం) సెక్షన్లనే నమ్ముకుని ఫిర్యాదు రాస్తుంటారు. ఆ అధ్యాయంలోని నష్టం నిర్వచనంలోకి వస్తువుకే కలిగిన నష్టం రాదు. ట్రాకర్ సొమ్ము కోసం మీరు వస్తులోపం, సేవాలోపం కిందే అడగాలి. తగ్గిన విద్యుత్తుకు నష్టం అడిగేటప్పుడు అంచనాలు వద్దు. బాగా తిరుగుతున్న మూడో వరుసకూ ఆగిన మొదటి వరుసకూ ఇన్వర్టర్‌లో రోజువారీ యూనిట్లు విడిగా నమోదవుతుంటే, ఆ తేడా కన్నా మంచి లెక్క ఉండదు. దానికి కరెంటు బిల్లులు జత చేయండి.

లోపం బయటపడిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. ఉత్తరాలు రాసుకుంటూ ఉండటం వల్ల ఆ గడువు పెరగదు, ఆగిన వరుసకు గడువు మే నెల కంటే ముందే మొదలైంది. ఈ వారంలోనే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, పదిహేను రోజుల్లో ఉమ్మడి తనిఖీకి రమ్మని కోరండి. వారు రాకపోతే స్వతంత్ర ఇంజినీరుతో నివేదిక తీసుకుని, నిపుణుణ్ణి నియమించి స్థలంలోనే పరీక్ష జరిపించమని కమిషన్‌ను అడగండి. అప్పటిదాకా ఆ మెలిక పడిన ఇరుసును, పగిలిన పలకలను ఉన్నచోటనే ఉంచండి. పాత ఇనుము కొనేవాడు ఎంత ధర చెప్పినా సరే.