కంటైనర్ బండికి ముందు టైం టేబుల్ కావాలి

"హైదరాబాద్ నుంచి ముంబై దగ్గరి నవషేవా రేవుకి కంటైనర్లు రైల్లో పంపితే చవక కదా, ఎగుమతిదారులు ఇంకా లారీలనే ఎందుకు పట్టుకుంటారు?" అని అడిగారు. చవకే. పదకొండేళ్లుగా పసుపు ఎగుమతి చేస్తున్నాను, ఆ లెక్క నాకూ తెలుసు. కానీ ఓడ మన కోసం ఆగదండీ.

ఒకసారి దుబాయ్‌లోని జెబెల్ అలీ రేవుకి నిజామాబాద్ పసుపు నాలుగు కంటైనర్లు. నవషేవాలో గేటు కటాఫ్, అంటే ఆ ఓడకి కంటైనర్లు లోపలికి తీసుకునే ఆఖరి గడువు, శనివారం అర్ధరాత్రి. సోమవారం పొద్దున్నే హైదరాబాద్‌లో రైలెక్కించే కంటైనర్ డిపోలో దింపేశాం, కస్టమ్స్ సీలు కూడా పడింది. రేక్ అంటే 45 వ్యాగన్ల పూర్తి గూడ్సు బండి, ఇరవై అడుగుల పెట్టెలైతే 90. అప్పటికి పోగైనవి అరవై చిల్లర. "మిగతావి రానీండి సార్, రేపు తీసేస్తాం" అన్నారు. మంగళవారం అదే మాట, బుధవారం అదే మాట. గురువారం నేనే పోయి గేటు దగ్గర కూర్చున్నాను. రాత్రి పదకొండున్నరకి ఇంజను తగిలించారు. ప్యాసింజర్ బండ్లకి దారిస్తూ, స్టేషన్లలో పక్క పట్టాలైన లూప్ లైన్లలో ఆగుతూ ఆదివారం చేరింది. ఓడ వెళ్లిపోయింది. తర్వాతిది వారానికి. ఈలోగా ఎల్‌సీలో, అంటే కొన్నవాడి బ్యాంకు డబ్బుకి హామీ ఇచ్చే కాగితంలో, రాసిన షిప్‌మెంట్ తేదీ దాటిపోయింది. దాన్ని మార్పించడానికి బ్యాంకు చార్జీలు, పైగా కొన్నవాడికి ధర తగ్గింపు. ఆ రాత్రి మా నాన్న కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

లారీకి అదే దారి 700 కిలోమీటర్లు, రెండు రోజులు. డబ్బు ఎక్కువైనా అప్పటి నుంచి తేదీ ఉన్న సరుకంతా లారీలోనే.

డిపోవాళ్లని అని లాభం లేదు. సగం ఖాళీగా పంపితే బండి లాగినందుకు రైల్వేకి కట్టే చార్జీ, హాలేజీ, వాళ్ల నెత్తిన పడుతుంది. తప్పు ప్లానింగ్‌లోనే ఉంది. నిండాక తీద్దాం అనే పద్ధతి బొగ్గుకి చెల్లుతుంది. కంటైనర్‌కి ఓడ కటాఫ్ నుంచి వెనక్కి లెక్కపెట్టి బండి వేయాలి. అలా వేయలేరా? 2020 మార్చిలో రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల బండి వేశారు. 40 వేల లీటర్ల ట్యాంకర్లు ఆరు. అంతకుముందు వాటిని ఎక్స్‌ప్రెస్‌లకి తగిలించేవారు. పాలు విరిగిపోతాయని అందరికీ తెలుసు కాబట్టి దానికి వేళ కుదిరింది. నా ఎల్‌సీ కూడా విరిగిపోయేదే!

ఇంకో బాధ. దాద్రి నుంచి నవషేవా దాకా 1,506 కిలోమీటర్ల సరుకు కారిడార్ తలపెట్టారు, దాని మీద పెట్టె మీద పెట్టె పేర్చి నడుపుతారు. సంతోషమే, కానీ అది మా వైపు రాదు. మాకు రెండంతస్తులు అక్కర్లేదు. మంగళ, శుక్రవారాలు రాత్రి పదింటికి, నిండినా నిండకపోయినా కదిలే ఒక్క బండి వేయమనండి. కనీసం ఆరు నెలలు ఆపకుండా నడపమనండి. మొదటి నాలుగు పెట్టెలు నావే.