మెథోట్రెక్సేట్ వేసుకొనేవారికి నోరు పూస్తే

చి.సౌ. సుజాతకు పెదనాన్న దీవించి వ్రాయునది.

కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ మొదలుపెట్టాక నోరు పూసిందనీ, మీ అత్తగారు వేడి చేసిందని సబ్జా నీళ్ళు ఇస్తున్నారనీ వ్రాశావు. సబ్జా త్రాగితే తప్పు లేదు కాని, ఇది వేడి వల్ల వచ్చిన పూత అనుకొని ఊరుకోవద్దు. ఈ మందు ఒంట్లో ఫోలేటు అనే బి విటమిను చేసే పనికి అడ్డుపడుతుంది. నోటి లోపలి పొర ఎప్పటికప్పుడు కొత్త కణాలతో ఏర్పడుతూ ఉంటుంది కనుక, ఆ దెబ్బ తరచుగా ముందు అక్కడే కనిపిస్తుంది.

ముందుగా మందుల చీటీ తీసి చూడు. మెథోట్రెక్సేట్ ఈ జబ్బుకు వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. మాత్ర అంటే రోజూ వేసుకొనేదే అన్న అలవాటుతో దీనిని ప్రతిదినం మింగి ప్రాణం మీదికి తెచ్చుకొన్నవారు ఉన్నారు. ఇదీ, పూతను తగ్గించే ఫోలిక్ యాసిడ్ మాత్రా తరచుగా పసుపు రంగులోనే వస్తాయి, రెండింటినీ వేర్వేరు డబ్బాలలో ఉంచు.

ఒకటి రెండు చిన్న పుండ్లయితే డాక్టరుకు ఫోను చేసి మోతాదు సంగతి అడుగు. పుండ్లతోపాటు జ్వరం, ఆయాసం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు కనిపించినా, మింగడం కష్టమైనా, తరువాతి మోతాదు వేసుకోకుండా అదే రోజు అమలాపురమో కాకినాడో వెళ్ళి రక్తపరీక్ష చేయించుకో. రక్తకణాలు పడిపోయి ఉండవచ్చు. విరేచనాలతో నీరసించినా ఆలస్యం చేయకు, ఒంట్లో నీరు తగ్గితే మూత్రపిండాలు సరిగా పనిచేయవు, ఈ మందు ఎక్కువగా బయటికి పోవలసింది వాటి గుండానే.

మూత్రంలో మంట అని మందుల షాపులో అడిగి సెప్ట్రాన్ వంటి కోట్రైమోక్సజోల్ (ఒక యాంటిబయాటిక్) మాత్రలు మాత్రం తెచ్చుకోవద్దు. మెథోట్రెక్సేట్‌తో కలిస్తే అవి చాలా ప్రమాదకరం.

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ కూడా వాడుతున్నావు కనుక నాలుక మీద పెరుగు తరకల వంటి తెల్లని పొర వస్తే అది ఫంగస్, దానికి వేరే మందు ఉంది. ఆ స్టెరాయిడ్‌ను మాత్రం నీ అంతట నీవు హఠాత్తుగా ఆపకూడదు. నోటినే కాదు, చర్మాన్ని కూడా గమనించుకో. వానాకాలం మన కోనసీమ చెమ్మకు గజ్జలలో తామర రావడం మామూలే. షాపువాళ్ళిచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీము దురద తగ్గించి తామరను పెంచుతుంది. ఒంటికి ఒకవైపే మంటతో నీటి పొక్కులు లేస్తే అది సర్పి. మంత్రం వేయించుకొనే లోపు విలువైన సమయం పోతుంది, మందు మూడు రోజులలోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది.

పూత మానేవరకు ఆవకాయ పక్కన పెట్టి, మెత్తని బ్రష్షు వాడు. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు, నొప్పికి వేసుకొనే మాత్రలతో సహా ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో పెట్టి తీసుకువెళ్ళు.

ఇట్లు,
పెదనాన్న