పిల్లకాయల గొంతులు జాగ్రత్త అమ్మణ్ణీ

అమ్మణ్ణీ,

నువ్వు మీ హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లకాయల చేత నాటకం వేయిస్తా ఉండావంట, అదీ హీరో అంటూ ఎవరూ లేకుండా క్లాసు క్లాసంతా కలిసి ఆడేదంట, మీ నాన్న ఫోన్లో చెప్పినాడు. వాడు "చూడన్నా దీని పిచ్చి" అని చెప్పినాడు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలా. సగం సంతోషం, సగం భయం. మనింట్లో నాటకం నాతోనే పోయిందనుకున్నా.

హెడ్మాస్టర్ని ముందే అడుగు. పదో తరగతోళ్ళ జోలికి పోమాక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన కాడ వానలూ తుఫాన్లూ, గ్రౌండులో డేటు పెట్టమాక. ఆడపిల్లకాయలు చీకటి పడకముందే ఇల్లు చేరాల. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఎవరన్నా తల్లిదండ్రులు వచ్చి నాటకాలాడితే చెడిపోతారు అంటే ప్రకాశం పంతులు గారి సంగతి చెప్పు. ఒంగోల్లో చదివేటప్పుడు ఆయన నాటకాల్లో వేషాలేసినోడే, ఆ నాటకాల పిచ్చున్న హనుమంతరావు నాయుడు మాస్టారే రాజమండ్రి కూడా తీసకపోయి చదివించినాడు. అట్టని ప్రతి పిల్లోడూ ముఖ్యమంత్రి అవుతాడని చెప్పమాక, రేపు నిన్నే పట్టుకుంటారు.

ఇప్పుడు అసలు సంగతి. మా ట్రూపులో ఒక పిల్లోడుండేవాడు, ప్రహ్లాదుడి వేషం. నేను హార్మోనియం కదా, వాడికి కూతవేటు దూరంలో కూడా కాదు, కాళ్ళ కాడే కూర్చునేవాణ్ణి. మైకుల్లేని కాలంలో ఆఖర్న కూర్చున్నోడికి వినపడాలని పద్యం ఐదో శ్రుతిలో, అంటే బాగా పైస్థాయిలో, ఎత్తుకునేవాళ్ళు, మైకులొచ్చినా ఆ శ్రుతి కిందికి దిగలా. వాడికి అది మంచినీళ్ళ ప్రాయం. మూతి మీద నూనూగు మీసం వస్తా ఉండంగా గొంతు చీలడం మొదలైంది, మాట మధ్యలో కీచుమనేది. మా మేనేజరు అది బద్ధకం, సాధన చేస్తే పోద్ది అని తెల్లారుజామున బావి కాడ నిలబెట్టి అరిపించేవాడు, పైన మిరియాల కషాయం. ఒకూరి తిరనాళ్ళలో జనం వన్స్‌మోర్ అన్నారు, పాడినాడు, మళ్ళీ అన్నారు. ఈసారి నోరు తెరుచుకునే ఉండాది, మెడ నరాలు తాళ్ళ మాదిరి ఉబ్బినాయి, శబ్దం రాలా. జనం ఈలలు. మేనేజరు తెర సందులోంచి కానీ కానీ అని చెయ్యి ఊపుతా ఉండాడు. ఆ గొంతు ఇక బాగుపడలా. వాడికిప్పుడు మనవళ్ళు, టైర్ల షాపు పెట్టుకున్నాడు, రేటు చెప్పాలన్నా బొంగురుపోయి దగ్గుతాడు. మేనేజరు మాత్రం తర్వాత తిరనాళ్ళకి ఇంకో పిల్లోణ్ణి పట్టకొచ్చుకున్నాడు.

నీ క్లాసులో మగపిల్లకాయలందరూ ఇంచుమించు ఆ వయసోళ్ళే, 13, 14 ఏళ్ళు, గొంతు మారే టైము. గట్టిగా చెప్పరా అని ఎవర్నీ అరవనియ్యమాక, నువ్వూ అరవమాక, మీ అమ్మ పోలిక నీది, నాకు తెలుసు. ఎవడి గొంతన్నా బొంగురుపోతే ఆ రోజుకి వాడు మాట్లాడే పని లేదు, గుసగుసగా చెప్పమని కూడా అనొద్దు, దానికీ గొంతు బిగుస్తాది. మూడు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాల్సిందే.

నీ పద్ధతి నాకు నచ్చింది కూడా ఇందుకే. ఒక మాటని ముగ్గురు మొదలుపెట్టి పదిమంది అందుకుంటే ఎవడూ గొంతు చించుకోబళ్ళా, అయినా ఆఖరి బెంచీ దాకా వినపడతాది. కలకత్తాలో బాదల్ సర్కార్ అని నాటకాలాయన స్టేజీ, సెట్టింగు, అన్నీ వదిలేసి మనుషుల ఒళ్ళే సెట్టింగు చేసినాడు, మనమూ గవర్నమెంటు బడే కదా, అంతకంటే ఏముండాది మన కాడ. మొదట్లో స్క్రిప్టు ఇయ్యమాక. రూములో అందర్నీ నడిపించు, ఎవరో ఒకరు ఆగితే చెప్పకుండానే అందరూ ఆగాల. మొదట నవ్వుతారు, ఒకర్నొకరు గుద్దుకుంటారు, కానీ. ఆ నవ్వు దానంతటదే ఆగిన రోజు వాళ్ళు పక్కోణ్ణి చూడ్డం నేర్చుకున్నట్టు.

కథ కోసం ఎక్కడికో పోబళ్ళా. మొహర్రానికి నెల్లూర్లో బారాషహీద్ దర్గా కాడ రొట్టెల పండగ ఉండాది కదా, స్వర్ణాల చెరువులో దిగి చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అని మార్చుకుంటారే, అది తీసుకో. క్లాసంతా చెరువు అవుతాది, క్లాసంతా జనం అవుతారు. ఒక్కొక్కళ్ళని నీకే రొట్టె కావాలని అడుగు, రాసిమ్మను. చేతిలో ఏమీ లేకుండా రొట్టె ఇచ్చేటప్పుడు వేళ్ళు ఎట్టా పట్టుకుంటారో, దాని బరువు, తడి తెలవాల, అది వచ్చిందాకా ఇంకో సీనుకి పోమాక. రాసినవి అందరి ముందూ గట్టిగా చదవమాక. మా నాయన తాగుడు మానాల అని రాసే బిడ్డ ఒకటన్నా ఉంటాది. అది ఆ పాప నోట కాదు, అందరి నోటా కలిపి రావాల, లేకుంటే అసలు వద్దు.

ఆఖర్న బెస్ట్ యాక్టర్ షీల్డు ఇస్తానని ఎవరో ఒకరు తయారవుతారు. ఆ డబ్బుతో పిల్లకాయలందరికీ టిఫిన్ పెట్టించమను.

డేటు ఖాయం కాంగానే ఫోన్ చెయ్యి, బస్సెక్కి వస్తా. హార్మోనియం తెమ్మంటే తెస్తా గానీ శ్రుతి ఎంతన్నది నేను చెప్పినట్టే. రాత్రి ఎనిమిది దాటాక చెయ్యమాక, మీ పెద్దమ్మ సీరియల్.

మీ పెదనాయన