పెదనాన్న ఉత్తరం: నీ కేరియోటైప్ రిపోర్టు గురించి

చిరంజీవి బాబుకి,

నీ కేరియోటైప్, అంటే క్రోమోజోముల పరీక్ష, రిపోర్టు చూశాను. నీ 7వ, 16వ క్రోమోజోముల చివరి ముక్కలు తారుమారయ్యాయి. సుమారు 500 మందిలో ఒకరికి ఇలాంటి ట్రాన్స్‌లొకేషన్ ఉంటుంది. పర్లాకిమిడి బజార్లో ఇద్దరు ముగ్గురు రోజూ నీకు ఎదురవుతూనే ఉండి ఉంటారు, వాళ్లకే తెలియదు.

ముందు కోడలికి ఆ పసరు మందులు మాన్పించు. మూడుసార్లు గర్భం పోయిందంటే ఆమె చేసిన తప్పేమీ లేదు. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

వీర్యకణాల కౌంట్ బాగానే ఉంది కదా, మరి గర్భం ఎందుకు పోతోందని అడిగావు. మన బైండింగ్ షాపు సంగతే తీసుకో, ఒక్కో క్రోమోజోము ఒక్కో పుస్తకమనుకో. 7వ పుస్తకం చివరి పేజీలు 16లోనూ, 16వ దానివి 7లోనూ కుట్టేశారనుకో. రెండూ నీ దగ్గరే ఉన్నాయి కనుక ఒక్క పేజీ పోలేదు, నీకు ఏ ఇబ్బందీ లేదు. కానీ ఒక్కో పుస్తకం నీ దగ్గర రెండేసి ప్రతులు, ఈ రెండు పుస్తకాల్లో ఒకటి మామూలుది, ఒకటి మారినది. వీర్యకణానికి ఒక్కోటే వెళ్లాలి. మామూలువి రెండూ వెళ్తే సరి. మారినవి రెండూ వెళ్లినా సరే, బిడ్డ నీలాగే ఉంటాడు. మారినదొకటి, మామూలుదొకటి వెళ్తే చిక్కు: కొన్ని పేజీలు రెండుసార్లు, కొన్ని అసలుండవు. ఒక్కోసారి మూడు ప్రతులు ఒక కణంలోకి, ఒకటి ఇంకో కణంలోకి కూడా పోతాయి, అదీ చిక్కే.

ల్యాబులో చేరిన కొత్తలో క్రోమోజోముల ఫొటోలు కత్తెరతో కత్తిరించి గమ్‌తో అంటించేవాళ్లం. ఫ్యాను వేస్తే ఏదో ఒకటి ఎగిరిపోయేది, మధ్యాహ్నమంతా బల్లకింద వెతుకులాటే! వీర్యకణాల్లో క్రోమోజోములు చూడ్డానికైతే ఫిష్ (FISH) అనే టెస్ట్ ఉంది. గట్టిగా చుట్టుకున్న కణం తలను మందుతో వదులుచేసి, క్రోమోజోములకు అంటించిన రంగు చుక్కలు చీకటి గదిలో లెక్కపెడతారు. నీలాంటివాళ్లలో తరచు సగం అటూ ఇటూగా తేడా కణాలే కనిపిస్తాయి. అంటే పుట్టే పిల్లల్లో సగమని కాదు, అలాంటి కణాలతో వచ్చిన గర్భాలు చాలావరకు మొదట్లోనే పోతాయి.

మంచి కణాలు ఏరి పెడతామని ఎవరైనా అంటే డబ్బు కట్టకు. తేడా కణమూ చూడ్డానికి బాగానే ఉంటుంది, బాగానే ఈదుతుంది. జెనెటిక్ కౌన్సెలర్‌ని కలవండి. సహజంగా ప్రయత్నించి 11 నుంచి 13 వారాల్లో మాయ ముక్క పరీక్ష గానీ, 15 వారాలు దాటాక ఉమ్మనీటి పరీక్ష గానీ చేయించుకోవచ్చు. ఐవీఎఫ్‌లో పిండాన్ని పరీక్షించి పెట్టడం ఇంకో దారి. ఇంజెక్షన్లు పడేది కోడలికి కనుక నిర్ణయం ఆమెదే.

చెల్లికీ రక్తం తీయించు, తనకూ ఇదే మార్పు ఉండొచ్చు. ఆకుపచ్చ మూత ట్యూబు అడుగు. కణాలు బతికుండాలి, ఫ్రీజర్లో పెట్టొద్దు. పొద్దున్నే తీయించి ఆ ట్యూబుని విశాఖ బస్సెక్కించు.

మీ పెదనాన్న