పాత కారు మీద ఇంకా ఖర్చు పెట్టవచ్చా?

గుంటూరు నుంచి తెచ్చుకున్న 13 ఏళ్ల కారును చెన్నైలో సొంతంగా బాగు చేసుకుంటూ వాడుకోవచ్చా అని అడిగారు. ఈ ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ఇంటి అడ్వాన్సు గురించి పదిమందిని వాకబు చేస్తారు గానీ, గుమ్మం ముందున్న కారు నెలకు ఎంత తింటున్నదో లెక్క చూసుకోరు. నేనూ చూసుకోలేదు.

2006లో మా నాన్నగారి పాత కారును నెల్లూరు నుంచి ఇక్కడి వేళచ్చేరికి తెచ్చుకున్నాను. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంటు కొనడం దండగ అనుకుని, రేడియేటరులో అపార్ట్‌మెంటు బోరునీళ్లే పోస్తూ వచ్చాను. ఆ ఉప్పునీళ్లకు లోపల పొలుసు కడుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. మే నెల మధ్యాహ్నం కత్తిపారా కూడలి దగ్గర వేడి చూపించే ముల్లు ఎర్రగీతను తాకినా, ఇల్లు దగ్గరే కదా అని ఆపకుండా నడిపాను. మర్నాడు ఆయిల్ మూత తీస్తే దాని అడుగున మీగడలా తెల్లటి నురగ కట్టి ఉంది. ఇంజన్‌లో నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే పొర, అంటే హెడ్ గ్యాస్కెట్, పోయి నీళ్లు ఆయిల్‌లో కలిసిపోయాయి. ఒక్క డబ్బా కూలెంటు మిగుల్చుకోబోయి 14,000 రూపాయలు కట్టాను, అది నా నెల జీతంలో సగానికి పైనే. తర్వాత క్లచ్చి, ఆపైన సైలెన్సరు వంతు వచ్చాయి. ఏడాది చివర బిల్లులన్నీ కూడితే, కారు అమ్మితే వచ్చే ధరను అవి దాటేశాయి. ఆనాటి నుంచి ప్రతి రూపాయీ నోటుబుక్కులో రాస్తున్నాను, ఇప్పుడున్న కారును 16వ ఏట కూడా నిశ్చింతగా నడుపుతున్నాను.

ఆయిలు, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్గులు, బ్యాటరీ మీరే మార్చుకోవచ్చు, పెద్ద విద్యేమీ కాదు. తలుపు హ్యాండిల్, అద్దం లాంటివి పాత కారు సామాను అమ్మే పుదుపేటలో పాతవి చవకగా దొరుకుతాయి. బ్రేకు సామాను మాత్రం కొత్తదే కొని, నమ్మకమైన మెకానిక్కు చేత వేయించండి. వేరే రాష్ట్రపు నంబరుతో 12 నెలలు దాటితే ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, 15 ఏళ్లు నిండాక దాన్ని పునరుద్ధరించుకోవాలి. ఆ రుసుములు రవాణా శాఖ దగ్గర కనుక్కుని, అవి కూడా లెక్కలో వేసుకోండి.

అన్నిటికన్నా ముందు డ్రైవరు సీటు కింది కార్పెట్ లేపి, అడుగురేకును స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూడండి. సముద్రపు గాలీ, నిలిచిన వాననీళ్లూ ఇక్కడ మొదట తినేది ఆ రేకునే. స్క్రూడ్రైవరు లోపలికి దిగితే, ఆ కారుకు ఇంకొక్క రూపాయి పెట్టకుండా, తుప్పు సంగతి కొనేవారికి చెప్పి, అక్టోబరు వానలు మొదలయ్యేలోపే వచ్చిన ధరకు ఇచ్చేయండి.