కనక పుష్యరాగమని సిట్రిన్ అంటగట్టారు, కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది దేవరకొండ. అమ్మాయికి సంబంధాలు కుదరడం లేదని, గురుబలం కావాలని పంతులుగారు చెబితే 2024 నవంబరులో హైదరాబాద్‌లో ఒక షాపులో 5.25 క్యారెట్ల కనక పుష్యరాగం 68 వేలకు కొని ఉంగరం చేయించాం. ఆ బరువుకు రాయి చాలా పెద్దగా వచ్చిందని సంబరపడ్డాం. మొన్న నల్లగొండలో కంసాలి చూసి ఇది సిట్రిన్, అంటే పసుపు రంగు స్ఫటికం అన్నాడు. ఉంగరం తెచ్చిస్తే రాయి మార్చి ఇస్తానని షాపాయన అంటున్నాడు. గాజు మీద గీసి చూద్దామని మా మరిది అంటున్నాడు. ఒకటే టెన్షన్.

జవాబు: అమ్మా, సంబంధాల గురించి పేజీన్నర రాశారు, బిల్లు గురించి మాత్రం ‘తెల్ల చీటీ మీద పుష్యరాగం, 5.25 అని, తేదీ రాసిచ్చాడు’ అని ఒక్క ముక్క. కేసంతా ఆ ముక్కలోనే ఉంది. ‘నేను అమ్మింది ఈ రాయి కాదు’ అని అతను అంటాడు, అప్పుడు మీరేం చూపిస్తారు? 68 వేలు పోసి జీఎస్టీ బిల్లు అడగకపోవడం ఏమిటి? కూరగాయలు కొన్నారా?

అదృష్టం కొద్దీ డబ్బు ఫోన్‌పేలో పంపారు, అతను వాట్సాప్‌లో రాయి ఫొటో పెట్టాడు. ఆ ఫోన్ మార్చొద్దు, చాట్ తుడిచేయొద్దు.

ఇక మీరు సంబరపడ్డ ఆ పెద్ద సైజే మీకు మంచి సాక్ష్యం. కనక పుష్యరాగం, అంటే పసుపు రంగు నీలం (ఎల్లో సఫైర్), సాంద్రత 4, సిట్రిన్‌ది 2.65. అందుకే ఒకే బరువున్నప్పుడు సిట్రిన్ ఘనపరిమాణం దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. చీటీలో బరువు అతనే రాశాడు, ఫొటోలో రాయి సైజు అతనే చూపించాడు. ఆ రెండూ పొసిగేది సిట్రిన్‌కైతేనే అని ల్యాబ్ తేలిస్తే, రాయి మార్చేశారన్న అతని మాట నిలవదు.

కాబట్టి ఉంగరం అతని చేతికి ఇవ్వొద్దు. ఇచ్చిన మరుక్షణం మీ కేసు అతని జేబులో పడ్డట్టే. మీ మరిదికీ చెప్పండి, గాజు గట్టిదనం ఐదున్నర దరిదాపు, సిట్రిన్‌ది 7, నీలానిది 9, గాజును రెండూ గీస్తాయి, దాంతో తేలేదేమీ లేదు, పైగా అంచు చిట్లితే ‘మీరే పాడుచేశారు’ అనే మాట పడుతుంది. రాయిని ఉంగరంలోంచి ఊడదీయించొద్దు కూడా. బిగించి ఉంటే సాంద్రత కొలవలేరు, నిజమే, కానీ వక్రీభవన గుణకం (రాయిలో కాంతి ఎంత వంగుతుందో చెప్పే అంకె) చూడొచ్చు: నీలానికి 1.76 పైన, సిట్రిన్‌కు 1.55 దగ్గర. ముందు అన్ని వైపులా ఫొటోలు తీసి, రత్నాల ల్యాబ్‌లో ఉంగరం ఉన్నదున్నట్టే పరీక్ష చేయించి రిపోర్టు తీసుకోండి. ఊడదీసి చూడాల్సి వస్తే ఆ పని వినియోగదారుల కమిషన్ ద్వారానే జరగాలి, వినియోగదారుల చట్టం సెక్షన్ 38 కింద సీలు వేసి ల్యాబ్‌కు పంపమని అడగొచ్చు. (నీలమే కానీ ఫ్యాక్టరీలో చేసింది అని రిపోర్టు వస్తే అది వేరే కథ, అప్పుడు ఈ అంకెలన్నీ అసలు రాయితో సరిపోతాయి, మైక్రోస్కోప్ కింద లోపలి గుర్తులు చూసే చెప్పాలి.)

గడువు రెండేళ్లు, సెక్షన్ 69. మోసం తెలిసిన రోజు నుంచి లెక్కించాలని వాదించొచ్చు, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి, 2026 నవంబరులో మీ చీటీ తేదీ రాకముందే ఫిర్యాదు పడాలి. నోటీసు ఇస్తే గడువు ఆగదు. పదిహేను రోజులు టైమిచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, జవాబు రాకపోతే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. షాపు హైదరాబాద్‌లో ఉన్నా మీరుండే జిల్లాలో వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు.

‘ఉపరత్నమనే ఇచ్చాను’ అని కూడా అనొచ్చు. సిట్రిన్‌కు 68 వేలు ఎందుకు తీసుకున్నావని అడిగితే చాలు. గురుబలం, తప్పిపోయిన సంబంధాలు ఫిర్యాదులో రాయొద్దు. రాస్తే రాయి పనిచేయలేదని వచ్చారా అని అవతలి లాయరు నవ్వులపాలు చేస్తాడు.